డ్రమ్ కోర్ కొత్తగా చూసేవాళ్లు ఏ షోతో మొదలుపెట్టాలి? ఏడు షోల పోలిక

అమెరికాలో పిల్లలు హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో చేరిన తెలుగు ఇళ్లలో కొన్నాళ్లకి ఒక కొత్త వ్యవహారం మొదలవుతుంది. పిల్లాడు అన్నం తింటూ కూడా ఫోన్‌లో డ్రమ్ కోర్ వీడియోలే చూస్తుంటాడు, కంచం అంచు మీద వేళ్లతో వాయిస్తుంటాడు. వాడితో కలిసి మనమూ చూద్దామని కూర్చుంటే ఎక్కణ్నించి మొదలుపెట్టాలో తెలియదు. వాణ్ని అడిగితే పది పేర్లు చెబుతాడు. ఆన్‌లైన్‌లో వెతికితే అన్నిటికంటే ఎక్కువ స్కోరు వచ్చిన షోల జాబితా ముందు వస్తుంది. ఆ జాబితాలో పైనున్నది పెట్టుకుని, నాలుగు నిమిషాలకే ఆపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

చాలా ఏళ్లుగా దీని పిచ్చిలో ఉన్న మనిషిగా నా మాట ముందే చెప్పేస్తున్నాను. స్కోరు చూసి షో ఎంచుకోకండి. జడ్జీలు చూసేది వేరు, మొదటిసారి చూసేవాళ్లకి కావాల్సింది వేరు.

అసలు ఏమిటిది అనేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఒక్కో జట్టును కోర్ అంటారు. వాటి పోటీలు నడిపే సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, పొట్టిగా డీసీఐ, తన మొదటి చాంపియన్‌షిప్‌ను 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో పెట్టింది. ఇత్తడి వాయిద్యాలు, డ్రమ్స్, జెండాలూ చెక్క రైఫిళ్లూ గాల్లోకి ఎగరేసే కలర్ గార్డ్, ముఖ్యంగా ఇవే ఉంటాయి. క్లారినెట్, ఫ్లూట్, శాక్సోఫోన్‌లకి చోటు లేదు. అందరూ కుర్రవయసువాళ్లే, 22 ఏళ్లు వచ్చేసరికి బయటికి వచ్చేయాలి. నూట యాభై మందికి పైగా అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో పరిగెడుతూ, వెనక్కి నడుస్తూ పది పన్నెండు నిమిషాల షో చేస్తారు. వేసవంతా బస్సుల్లో ఊరూరా తిరిగి, స్కూళ్ల జిమ్‌లలో నేల మీద పడుకుని, అదే ఒక్క షోను పదేపదే సానపడతారు. ఆగస్టులో ఇండియానాపొలిస్‌లో ఫైనల్స్‌తో సీజన్ ముగుస్తుంది.

ఏం చూసి ఎంచుకోవాలి

స్కోరు నూటికి ఉంటుంది. జనరల్ ఎఫెక్ట్‌కి 40, విజువల్‌కి 30, మ్యూజిక్‌కి 30. ఇందులో ఎఫెక్ట్ అన్నదే ఎప్పుడూ గొడవ. షో ఎంత తెలివిగా అల్లారు, చూసేవాళ్ల మనసును ఎలా నడిపించారు అన్నదానికి వేసే మార్కులవి. వేసేది మాత్రం వేల షోలు చూసిన జడ్జీ. వాళ్లకి కొత్తగా అనిపించింది మీకు అయోమయంగా అనిపించొచ్చు. అందుకే నేను వేరే కొలతలు వాడతాను.

మొదటిది, పక్కన కూర్చుని ఎవరూ వివరించకపోయినా షో పట్టు చిక్కుతుందా? కొత్తవాళ్లకి మిగతావన్నీ దీని తర్వాతే. రెండోది, కళ్లు మూసుకుని వింటే నిలబడుతుందా? మూడోది, సంగీతమూ డ్రిల్లూ ఒకే పని చేస్తున్నాయా, లేక సంగీతం ఒక దారిలో, పరుగులు ఇంకో దారిలో పోతున్నాయా? డ్రిల్ అంటే మైదానంలో మనుషులు ఆకారాలు కడుతూ, మారుతూ సాగే కదలిక. నాలుగోది, రెండోసారి చూస్తే కొత్తగా ఏమైనా దొరుకుతుందా?

వీటితోపాటు షో ఏ కాలానిదో కూడా చూసుకోండి. 1999 వరకు అందరూ జీ శ్రుతి బ్యూగిళ్లే వాయించేవారు. 2000 నుంచి ఏ శ్రుతి ఇత్తడి వాయిద్యమైనా తెచ్చుకోవచ్చు. 2004లో ముందు వరసలోని మారింబా, వైబ్రఫోన్ లాంటి, కర్రలతో కొట్టి స్వరాలు పలికించే వాద్యాలకి మైకులు వచ్చాయి, 2009లో సింథసైజర్లు వచ్చాయి. సింథ్ బేస్ మోత భరించలేనివాళ్లు 2009కి ముందు షోలు పట్టుకోవడం మంచిది. పాత రికార్డింగుల గరగర వినలేనివాళ్లు తర్వాతవి చూడాలి.

ముందుగా ఒక పట్టిక

| షో | స్థానం | వివరణ లేకుండా అర్థమవుతుందా | ఎవరికి |
|---|---|---|---|
| ఫాంటమ్ రెజిమెంట్ 2008, స్పార్టకస్ | 1 | పూర్తిగా | అందరికీ, మొట్టమొదట |
| కావలియర్స్ 2002, ఫ్రేమ్‌వర్క్స్ | 1 | అర్థం అక్కర్లేదు, కళ్లుంటే చాలు | లెక్కలు, ఆకారాలు ఇష్టమైనవాళ్లకి |
| కరోలినా క్రౌన్ 2013, ఈ=ఎమ్‌సీ² | 1 | చాలావరకు | ఇత్తడి వాయిద్యాలు వాయించే పిల్లలకి |
| బ్లూకోట్స్ 2014, టిల్ట్ | 2 | అవును, చెవితో | సినిమా, ఎలక్ట్రానిక్ సంగీతం వినేవాళ్లకి |
| శాంటా క్లారా వాన్‌గార్డ్ 2018, బాబిలోన్ | 1 | సగం | డ్రమ్స్ పిచ్చివాళ్లకి |
| బ్లూ డెవిల్స్ 2014, ఫెలినీయెస్క్ | 1 | లేదు | కనీసం ఒక సీజన్ చూసినవాళ్లకి |
| స్టార్ ఆఫ్ ఇండియానా 1993 | 2 | లేదు, అదే దాని గొప్ప | ఓపిక ఉన్నవాళ్లకి |

ఫాంటమ్ రెజిమెంట్ 2008: సందేహమొస్తే ఇదే

ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్ కోర్ ఇది. సింఫనీ సంగీతాన్ని పెద్ద గొంతుతో వాయించడంలో దానికి ముందునుంచీ పేరుంది. స్పార్టకస్ కథ వాళ్లకి కొత్త కాదు, 1980ల మొదట్లోనే చేశారు. 2008లో మళ్లీ ఎత్తుకున్నప్పుడు స్వరకర్త ఖచతూరియన్ బాలే సంగీతానికి నాటకం జోడించారు. బానిసలు, యజమానులు, తిరుగుబాటు. మైదానంలో ఎవరు ఎవరో దుస్తులు చూస్తేనే తెలిసిపోతుంది. డ్రమ్ మేజర్ పోడియం మీద నిలబడి తాళం వేసే మనిషిగా మిగలకుండా కథలోకి దిగుతాడు.

చివర్లో ఒకడు "నేనే స్పార్టకస్‌ని" అని అరుస్తాడు. తర్వాత ఇంకొకడు, ఇంకోచోటి నుంచి మరొకడు. కాసేపటికి మైదానమంతా అదే కేక. అక్కణ్నించి హార్న్‌లైన్, అంటే ఇత్తడి వాయిద్యాల దళం, ఎత్తుకునే స్వరం వింటే, ఈ ఆట గురించి ఓనమాలు తెలియనివాళ్లకి కూడా ఒళ్లు గగుర్పొడుస్తుంది. నేను ఎంతమందికి చూపించానో లెక్క లేదు కానీ ఆ ఒక్కచోట ఫోన్ వైపు చూసినవాళ్లు లేరు.

ఆ ఏడాది ఫైనల్స్ ఇండియానాలోని బ్లూమింగ్టన్‌లో జరిగాయి. ఫాంటమ్‌కి 98.125, బ్లూ డెవిల్స్‌కి 98.100. తేడా నలభయ్యో వంతు మార్కు. ఆ రాత్రి గెలవాల్సింది ఎవరన్న వాదన ఇప్పటికీ తెగలేదు. శుభ్రంగా వాయించినవాళ్లు బ్లూ డెవిల్స్ అని ఒక వర్గం, స్టేడియాన్ని లేపి నిలబెట్టింది ఫాంటమ్ అని ఇంకో వర్గం. నేను రెండో వర్గం. అయితే దీనికి ఒక లోటు ఉంది. నాటకమే బలం కాబట్టి మూడు నాలుగుసార్లు చూశాక ఆశ్చర్యం తగ్గుతుంది. డ్రిల్‌లో కొత్తదనం కోసం దీని దగ్గరికి వెళ్లక్కర్లేదు.

కావలియర్స్ 2002, బ్లూకోట్స్ 2014: కళ్లకా, చెవులకా?

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ఇష్టం ఎటో మీకే తెలిసిపోతుంది.

షికాగో దగ్గర రోజ్‌మాంట్ కావలియర్స్ ఫ్రేమ్‌వర్క్స్‌లో కథ లేదు, పాత్రలు లేవు. ఉన్నదంతా గీతలు, చతురస్రాలు, ఒక ఆకారం ఇంకోదానిలోంచి దూరి బయటికి రావడం. సంగీతం కూడా చాలావరకు ఈ షో కోసమే రాయించుకున్నది కాబట్టి, ప్రతి కదలికకీ దాని కింద ఒక స్వరం ఉంటుంది. డ్రిల్ రాసిన మైకేల్ గేన్స్ పేరు ఈ రంగంలో తెలియనివాళ్లు ఉండరు. వరసలు ఒకదాన్నొకటి దాటుతున్నప్పుడు ఢీకొంటారేమో అని మన గుండె ఆగుతుంది, వాళ్లు మాత్రం తల కూడా తిప్పరు. 99.15 మార్కులు వచ్చాయి, అప్పటికి అదే రికార్డు. 2005లో కేడెట్స్ అనే కోర్ వాళ్లు దాన్ని సమం చేశారు, 2014 దాకా ఎవరూ దాటలేదు. కళ్లు మూసుకుని వింటే మాత్రం ఈ షో సగం పోతుంది. ఇంజనీర్లకి ఇది తెగ నచ్చుతుంది, మన ఇళ్లలో వాళ్లకి కొరత లేదు కదా.

టిల్ట్ దీనికి పూర్తిగా ఎదురు. ఒహాయోలోని కాంటన్ నుంచి వచ్చిన బ్లూకోట్స్ అన్నిటినీ వంచేశారు: ఆకారాలు, మైదానం మీద పెట్టిన ఫ్రేములు, ఆఖరికి శ్రుతి కూడా. ఒకచోట హార్న్‌లైన్ నిండు గొంతుతో ఒక కార్డ్ పట్టుకుని ఉండగానే, ఆ శబ్దమంతా ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. సింథసైజరూ ఇత్తడీ కలిసి చేసిన పని అది. ఏది యంత్రం, ఏది మనిషి అని విడదీయలేం. మొదటిసారి విన్నప్పుడు ప్రేక్షకులు ముందు నవ్వారు, తర్వాత అరిచారు. ఎలక్ట్రానిక్స్ వచ్చాక డ్రమ్ కోర్ పాడైపోయిందని తిట్టుకునే పాతకాలపు అభిమానులు సైతం ఈ షో దగ్గర కాస్త మెత్తబడ్డారు.

ఇది రెండో స్థానంలో నిలిచింది. బ్లూకోట్స్ మొదటిసారి గెలిచింది 2016లో, డౌన్ సైడ్ అప్‌తో. అందులో పెద్ద పెద్ద వంపు బల్లల మీదికి వాయిస్తూనే ఎక్కుతారు, జారుతారు. తలమీద టోపీలు ఉండవు. పిల్లలకి అదే ఎక్కువ నచ్చుతుంది. పదేళ్లలోపు పిల్లలతో కూర్చునేట్టయితే టిల్ట్ వదిలేసి అదే పెట్టండి. మీరొక్కరే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే మాత్రం టిల్ట్ ముందు అది తేలిపోతుంది.

కరోలినా క్రౌన్ 2013: ట్రంపెట్ పిల్లలున్న ఇంటికి

సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్ కోర్‌కి వచ్చిన ఒకే ఒక్క అగ్రశ్రేణి టైటిల్ ఇది. పిల్లలు మైదానం మీద అంకెలు పాడుతూ, లెక్కపెడుతూ ఉంటే స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఐన్‌స్టీన్ ఒపేరా సంగీతం సాగుతుంది. ఒకే స్వరాల గుంపు మళ్లీ మళ్లీ తిరుగుతూ, ప్రతిసారీ ఒక చిన్న తేడా. వినడానికి తేలిక, వాయించడం నరకం. నిమిషానికి దాదాపు రెండు వందల బీట్ల వేగంలో పరిగెత్తుతూ, ఊపిరి ఎక్కడ పీల్చాలో కూడా ముందే పంచుకుని వాయించాల్సిన బాపతు అది. ట్రంపెట్, మెల్లోఫోన్ నేర్చుకునే పిల్లలకి ఈ షో ఒక పాఠం. ఇంట్లో వాయించేవాళ్లు ఎవరూ లేకపోతే దీన్ని మూడో నాలుగో షోగా చూడొచ్చు, తొందరేం లేదు.

శాంటా క్లారా వాన్‌గార్డ్ 2018: మృదంగం చెవి ఉన్నవాళ్లకి

మన పిల్లల్లో ఒకవైపు స్నేర్ డ్రమ్, ఇంకోవైపు మృదంగం నేర్చుకునేవాళ్లున్నారు. కచేరీలో తని ఆవర్తనం వచ్చేసరికి లేచి కాఫీకి వెళ్లకుండా కూర్చునే రకం పెద్దవాళ్లూ ఉన్నారు. వాళ్లకి నేను నేరుగా బాబిలోన్ చూపిస్తాను. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కోర్ 1999లో బ్లూ డెవిల్స్‌తో టైటిల్ పంచుకుంది. మళ్లీ గెలవడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

వాన్‌గార్డ్ అభిమానులు హార్న్‌లైన్ గురించి తర్వాతే మాట్లాడతారు. ముందు డ్రమ్‌లైన్, దాని ముందు మారింబాలు, వైబ్రఫోన్‌లు. స్నేర్ వాయించేవాళ్లందరి కర్రలూ ఒకే ఎత్తుకి లేస్తాయి, ఒకే కోణంలో దిగుతాయి. వీడియోను నెమ్మదిగా నడిపి చూడండి, ఒక్క కర్ర కూడా వెనకబడదు. బేస్ డ్రమ్స్ ఒక్కొక్కటి ఒక్కో స్వరం. ఒకరు ఒక్క దెబ్బ వేస్తే పక్కవాడు తర్వాతి దెబ్బ. అలా అయిదుగురి చేతుల మీదుగా ఒక వాక్యం పూర్తవుతుంది. పక్కవాడి దెబ్బను నమ్మి మన దెబ్బ వేయాలి, అంత వేగంలో విని వేయడం కుదరదు. మైదానంలో కదిలే పెద్ద పెద్ద మెట్ల వేదికలు నాకు అంతగా నచ్చలేదు. చాలాచోట్ల డ్రిల్‌కి అడ్డం పడతాయి. డ్రమ్స్ కోసం చూసేవాళ్లకి అవి కనబడనే కనబడవు లెండి.

బ్లూ డెవిల్స్ 2014: రికార్డుంది, తొందరపడొద్దు

99.65. డీసీఐ చరిత్రలో ఇంతకంటే ఎక్కువ స్కోరు ఎవరికీ రాలేదు. కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌కి చెందిన బ్లూ డెవిల్స్‌కి మొత్తం 21 టైటిళ్లున్నాయి, వాళ్ల దరిదాపుల్లో ఎవరూ లేరు. జాబితాల్లో ఇదే పైన ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు దీంతోనే మొదలుపెడతారు. వద్దని నేను చెప్పేది అందుకే.

ఇటలీ దర్శకుడు ఫెలినీ సినిమాల లోకం ఈ షోకి ఆధారం. సర్కస్, కలలు, సినిమా సెట్టు. ఒకే క్షణంలో మైదానంలో నాలుగు చోట్ల నాలుగు సంగతులు నడుస్తుంటాయి. కలర్ గార్డ్ ఒకచోట నాటకం ఆడుతుంటే, ఇంకోచోట వాద్యకారులు ఆకారం మార్చేసి ఉంటారు. దేన్ని చూడాలో తెలియక కళ్లు తిరుగుతాయి. ఇందులో తప్పులు వెతకడం వృథా. ఎంత కష్టమైనదాన్ని ఎంత తేలిగ్గా చేస్తున్నారో పట్టుకోవాలంటే, కష్టంగా చేసేవాళ్లని ముందు కొందరిని చూసి ఉండాలి. ఒక సీజన్ గడిచాక దీనికి రండి. అప్పటిదాకా ఇది చల్లగా, దూరంగా ఉంటుంది. నాకు గౌరవమే కానీ, ఈ షో మీద ప్రేమ ఇప్పటికీ రాలేదు. బ్లూ డెవిల్స్ అభిమానులు తిట్టుకుంటే తిట్టుకోనీయండి.

స్టార్ ఆఫ్ ఇండియానా 1993: ఆఖరున

మైకులు లేవు, సింథ్ లేదు, మైదానం నిండా సెట్టింగులు లేవు. సామ్యుయెల్ బార్బర్, బార్టోక్ అనే స్వరకర్తల సంగీతం, అదీ వినసొంపైన భాగాలు కావు. చెవిని గీరే స్వరాలు, ఒంటిని వింతగా వంచే కదలికలు. అప్పటి ప్రేక్షకుల్లో కొందరు గోల చేశారు కూడా. ఫైనల్స్‌లో కేడెట్స్‌కి 97.4, స్టార్‌కి 97.3. ఆ సీజన్ తర్వాత స్టార్ డీసీఐ పోటీల నుంచి పూర్తిగా తప్పుకుంది. ఇవాళ పెద్ద కోర్‌లన్నీ చేసే శరీర కదలికలకి మూలం వెతుకుతూ పోతే ఇక్కడికే వస్తారు. అన్నీ చూశాక చూడండి. ముందే చూస్తే ఇంత గోల దేనికో అర్థం కాదు.

కేడెట్స్‌ని ఎందుకు వదిలేశావని పాత అభిమానులు కోప్పడతారు. 1934లో న్యూజెర్సీలోని గార్ఫీల్డ్‌లో పుట్టి, పది టైటిళ్లు గెలిచి, 2024లో మూతపడిన కోర్ అది. వాళ్ల షోల్లో ఒక్కటి తీయడం నావల్ల కాలేదు, అంతే. మరీ పట్టుబడితే 2005 చూడండి.

వీడియోలో చూడాలా, స్టేడియానికి వెళ్లాలా

వీడియో అయితే ఒక్క జాగ్రత్త చాలు. రెండు రకాల రికార్డింగులు దొరుకుతాయి. ఒకటి పై నుంచి మైదానమంతా కనబడేలా ఒకే కెమెరాతో తీసింది, రెండోది చాలా కెమెరాలతో ముఖాలు, చేతులు దగ్గరగా చూపిస్తూ తీసింది. ఫ్రేమ్‌వర్క్స్ లాంటి డ్రిల్ షోను రెండో రకంలో చూస్తే దండగ. సరిగ్గా ఆకారం మారే క్షణంలో కెమెరా ఎవరో ట్రంపెట్ అబ్బాయి బుగ్గల మీద ఉంటుంది. స్పార్టకస్‌కి మాత్రం దగ్గరి కెమెరాలే మేలు. బాబిలోన్ రెండు రకాలుగానూ చూడండి. ఫోన్ స్పీకర్‌లో ఏదీ వినకండి.

స్టేడియానికి వెళ్లేట్టయితే మూడు చోట్లు పోల్చుకోవచ్చు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకి జులైలో శాన్ ఆంటోనియో అలమోడోమ్ దగ్గర. ఒక్క రోజులో చాలా కోర్‌లు కనబడతాయి. ఏసీ ఉంటుంది, కానీ కప్పు కింద ప్రతిధ్వని. పైగా అప్పటికి షోలు పూర్తిగా తయారు కావు, ముగింపులు ఇంకా మారుస్తూ ఉంటారు. ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో 2009 నుంచి ఫైనల్స్ జరుగుతున్నాయి. అక్కడ షోలు పక్వానికి వచ్చి ఉంటాయి, టెన్షన్ కూడా అక్కడే. అక్కడా కప్పే, డ్రమ్స్ దెబ్బలు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి అలుక్కుపోతాయి. గురువారం ప్రిలిమ్స్, శుక్రవారం సెమీస్, శనివారం పన్నెండు కోర్‌లతో ఫైనల్స్. ఒక్క రోజుకే వెళ్లగలిగితే నేను శుక్రవారమే అంటాను. పెద్ద కోర్‌లన్నీ ఉంటాయి, శనివారమంత జనం ఉండరు, ఫైనల్స్‌కి తృటిలో చేరని చిన్న కోర్‌లు ప్రాణం పెట్టి చేసే షోలూ దొరుకుతాయి.

నన్నడిగితే మూడోదే ఎంచుకుంటాను, పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్. ఓపెన్ స్టేడియం, చిన్నది, గ్యాలరీ మైదానానికి దగ్గర. హార్న్‌లైన్ మన వైపు తిరిగి ఊదితే చొక్కా కదిలినట్టుంటుంది. ఇబ్బందులు రెండు. వాన వస్తే అంతే సంగతులు. కోర్‌లను రెండు రాత్రులకి పంచుతారు కాబట్టి, మీరు కోరుకున్న కోర్ ఏ రాత్రి ఉందో చూసి టికెట్ కొనాలి. తెలుగువాళ్లు దండిగా ఉన్న న్యూజెర్సీ నుంచి కారులో వెళ్లిపోవచ్చు.

ఎక్కడికెళ్లినా సాయంత్రం షోకి గంటన్నర ముందే పార్కింగ్ వైపు ఒక చుట్టు తిరగండి. డ్రమ్‌లైన్‌లు అక్కడే అర్ధచంద్రాకారంలో నిలబడి వార్మప్ చేస్తుంటాయి. స్పీకర్‌లో మెట్రోనోమ్ టిక్ టిక్‌మంటుంటే, దానికి సరిగ్గా అందరి పాదాలూ నేల మీద పడుతుంటాయి. చుట్టూ పది అడుగుల దూరంలో హైస్కూల్ పిల్లలు గుంపుగా ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటారు. స్నేర్ నేర్చుకునే పిల్లలకి లోపలి షో కంటే ఇదే ఎక్కువ. మధ్యలో మాట్లాడకూడదు, వాళ్ల కళ్లకి అడ్డం పోకూడదు.

సీటు విషయంలో పిసినారితనం కూడదు, అలాగని ముందు వరసకి డబ్బు తగలేయకూడదు. కింద కూర్చుంటే శబ్దం బ్రహ్మాండం, డ్రిల్ మాత్రం ఒక్క గీతగా కనబడుతుంది. యాభై గజాల గీతకి అటూ ఇటూ ముప్పై అయిదు గజాల గీతల మధ్య, వీలైనంత ఎత్తున తీసుకోండి. నాలుగైదేళ్ల పిల్లలుంటే చెవులకి మఫ్స్ తప్పనిసరి. ఒక కోర్ మైదానంలో ఉండగా గేట్ల దగ్గర జనాన్ని లోపలికి వదలరు. సమోసాలకైనా, బాత్‌రూమ్‌కైనా కోర్‌కీ కోర్‌కీ మధ్య దొరికే నాలుగైదు నిమిషాల్లోనే వెళ్లి రావాలి.